నీలం కోక కార్డులు

"ఈ క్షణం నుంచి నీకు పెళ్లయింది," అన్నాడు చీఫ్.

విజయనగరం స్టేషన్లో వెయిటింగ్ రూమ్. 1928 ఏప్రిల్ 7, శనివారం ఉదయం. ఏజెంట్ జోగారావు టీ కప్పు కింద పెట్టాడు.

"పెళ్లికూతురు?"

"ప్లాట్‌ఫారం మీద ఉంది. హేమలత. మొన్నటిదాకా సర్వే ఆఫీసులో టైపిస్టు, ఇప్పుడు మన డిపార్ట్‌మెంట్. ముందు ఇది చూడు."

చీఫ్ ఒక పోస్ట్‌కార్డు బల్ల మీదికి విసిరాడు. చేత్తో రంగులద్దిన ఫొటో. కొండ వాలులో పెంకుటిల్లు, మెట్ల మీద ఎర్రకోక కట్టిన కొండమనిషి. కింద అచ్చులో: 'హిల్ వ్యూ కాటేజ్, అరకు. వేసవికి అద్దెకు. చల్లని గాలి, వేడి నీళ్లు.'

"అద్దె ఇళ్లతో మనకేం పని సర్?"

"ఇంటాయన డాక్టర్ రోమర్ విదేశీ ముఠా మనిషి. విశాఖ కొత్త రేవులో సముద్రపు లోతుల ఛార్టుకి దొంగ ట్రేసింగ్ సంపాదించాడు. దాన్ని ముక్కలు చేసి ఈ కార్డుల్లో దాచి పంపబోతున్నాడు. కవరైతే అనుమానించి చింపుతారు. ఊరికే వచ్చిన ప్రకటనని ఎవడు చూస్తాడు? వేల కార్డులు పంచాడు. వాటిలో ఏవి దొంగవో బుధవారం పదింటికల్లా తెలియాలి."

బుధవారం పదింటికి కోర్టు. ఆ ఛార్టు అమ్మాడన్న నేరం మీద లాకప్పులో ఉన్న, అదే సర్వే ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ గోపాలకృష్ణ జోగారావు సొంత తమ్ముడు.

"తమ్ముడని జాలిపడి నీకివ్వలేదు," అన్నాడు చీఫ్. "దొంగకి అన్న ఎలాంటివాడో చూద్దామని ఇచ్చాను. ఇదిగో ఫౌంటెన్ పెన్ను. అడుగు తిప్పితే కత్తి. పోగొట్టకు."

ప్లాట్‌ఫారం మీద నెమలిరంగు జార్జెట్ చీరలో ఉన్న అమ్మాయిని చూస్తూ ఇద్దరు కూలీలు ఒకే పెట్టెని ఎత్తుతున్నారు. జోగారావు దగ్గరికెళ్లి కోడ్ వాక్యం చెప్పాడు.

"అరకులో చలి ఎక్కువంటారా?"

"కంబళి ఉంటే తెలీదు." ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "మొగుడు మీరేనా? ఫొటోలో ఇంకాస్త పొడుగ్గా ఉన్నారు."

"ఫొటోలో మీకు నోరు లేదు."

కారులో ఎడమవైపు కూర్చోమన్నాడు, లోయ అటే కనిపిస్తుందని. ఆమె కుడివైపు కూర్చుంది. ఘాట్ రోడ్డు పొడుగునా బండరాయిని చూసింది కానీ, పక్కకి జరగలేదు. అనంతగిరి దగ్గర కాఫీ చెట్లు తెల్లగా పూసి మల్లెల వాసన వేస్తున్నాయి. జోగారావు గుండె నిండా పీల్చుకున్నాడు. గూఢచారి పూల వాసన చూడకూడదని డిపార్ట్‌మెంట్ రూల్సులో లేదు.

"ముక్కు మూసుకోండి, జలుబు చేస్తుంది," అంది హేమలత.

కాటేజ్ వరండాలో డాక్టర్ రోమర్ సీతాకోకచిలుకకి గుండుసూది గుచ్చుతున్నాడు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. "నూతన దంపతులకు స్వాగతము," అన్నాడు. కళ్లలో స్వాగతం లేదు.

హేమలత జోగారావు జేబులోంచి పెన్ను లాగి గెస్ట్‌బుక్‌లో సంతకం చేసింది. తేదీ వేసి, 7 అంకెకి నడుం మీద అడ్డగీత కొట్టింది. పెన్ను తన సంచిలో వేసుకుంది. మిషన్ మొదలై ఒక్క పూట, ఉన్న ఒక్క గాడ్జెట్టూ పోయింది.

రెండు రోజులు వెతికినా ఏమీ దొరకలేదు. సోమవారం సాయంత్రం వంటమనిషి దేముడమ్మ వేడి నీళ్లు తెచ్చి బిందె దబ్బున దించింది. జోగారావు ఆమె మొహాన్నీ కార్డునీ మార్చి మార్చి చూశాడు.

"ఏటలా సూత్తన్నావు? నానే అది," అంది దేముడమ్మ. "అడక్కుండా బొమ్మ లాగేసినాడు మీ దొర. సంతలో నా మొకం మీద పకోడీలెట్టి అమ్మతన్నారు."

"మా దొర కాదమ్మా."

"కొండ దిగువ నుంచొచ్చినోలందరూ ఒకటే. నాకున్నది ఎర్రకోక, ఎరుపేసినాడు, సరే. మరి ఆడి గదిలో పెట్టె నిండా ఉన్న బొమ్మలకి నీలమేసినాడేటి? నానెప్పుడు కట్టినాను నీలం కోక?"

జోగారావు చేతిలో చెంబు ఆగిపోయింది.

"రేపు నాను రాను," అందామె అదే కోపంతో. "ఇటుకల పండగ. మగోలు ఏటకెల్తారు. మేం రోడ్డుకడ్డంగా ఎదురుగడ కడతాం. దారంట పోయేటోడు ఏదో ఒకటి సేతిలో ఎట్టాల. నేదంటే పేడనీలే."

"నేను కూడానా?"

"ఏం, నీకు కొమ్ములున్నాయా?"

మంగళవారం పొద్దున రోమర్ వల పట్టుకుని సీతాకోకచిలుకల వెంట వెళ్లగానే జోగారావు అతని గదిలో దూరాడు. పెట్టెలో అన్నీ నీలం కోక కార్డులే. ఒక కార్డు తెచ్చి వేడి నీళ్ల బిందె ఆవిరి మీద పట్టాడు. ప్రకటనలో అన్నీ అబద్ధాలు కావు. నీళ్లు బాగా కాగుతున్నాయి. జిగురు కరిగి అట్ట రెండు పొరలైంది. మధ్యలో సన్నటి ట్రేసింగ్ కాగితం, నల్లటి అంకెలు. 17. 27. ప్రతి ఏడుకీ నడుం మీద అడ్డగీత.

వెనక పిస్టల్ క్లిక్‌మంది.

"ఆ గీత పాండిచ్చేరి కాన్వెంటులో నేర్చుకున్నాను," అంది హేమలత. "మీ తమ్ముడు బొమ్మలు బాగా గీస్తాడు. సొరుగుకి తాళం మాత్రం వెయ్యడు."

"వాడు నిన్ను నమ్మాడు."

"మీరు నమ్మలేదు. అందుకే మొగుడిగా మీరే నయం."

గంటలో టాపు దించిన కారు సాలూరు దారి పట్టింది. రోమర్ డ్రైవింగ్. వెనక సీట్లో చేతులు కట్టేసిన జోగారావు, పక్కన ఒళ్లో నీలం కార్డుల పెట్టెతో హేమలత. పిస్టల్ అతని పక్కటెముకలకి ఆని ఉంది.

"సాయంకాలమునకు కార్డులు సాలూరు తపాలాలో పడును," అన్నాడు రోమర్. "తమరు ఘాట్ మూడవ మలుపులో లోయలో పడెదరు."

ఒక ఊరి పొలిమేర దగ్గర డప్పులు వినిపించాయి. మలుపు తిరిగితే రోడ్డుకి అడ్డంగా వెదురు గడ. వెనక ఇరవైమంది ఆడవాళ్లు, ముందు దేముడమ్మ. చేతుల్లో కుండలు.

కారు నెమ్మదించింది. "ఎవరు వీరు?" అన్నాడు రోమర్.

అబద్ధమాడాలా, నిజం చెప్పాలా? జోగారావు పక్కకి తిరిగి హేమలత మొహం చూశాడు. నిజమే చెప్పాడు.

"ఇవాళ వీళ్ల పండగ. చేతిలో ఒక్క బేడ పెడితే నవ్వుతూ దారిస్తారు. ఆపి, ఇచ్చి వెళ్దాం."

హేమలత నవ్వింది. "విన్నారా డాక్టర్? ఆపమంటున్నాడు. ఆ కోకల వెనక పోలీసులుంటారు. ఈయన ఎడమంటే కుడి. తొక్కండి."

రోమర్ తొక్కాడు.

"ఇయ్యకుండా పోతన్నాడర్రా, బేగి కొట్టండి," అంది దేముడమ్మ.

ఇరవై కుండలు ఒక్కసారి లేచాయి. రోమర్ కళ్లద్దాలు మూసుకుపోయాయి. కారు వెదురు విరుచుకుని పక్క గట్టుకి కొట్టుకుంది. హేమలత కళ్లు తుడుచుకోకుండానే పిస్టల్ అతని వైపు తిప్పి ట్రిగ్గర్ మీద వేలు బిగించింది. జోగారావు మోచేత్తో కొట్టాడు. గుండు ఆకాశంలోకి, పిస్టల్ తుప్పల్లోకి పోయాయి.

"ఇది అనాగరికము," అంటున్న రోమర్‌ని ముగ్గురాడవాళ్లు డప్పు తాళ్లతో చెట్టుకి కట్టేశారు. హేమలతకి ఇద్దరే సరిపోయారు.

పెట్టె తెరుచుకుని నీలం కార్డులు పేడనీళ్ల మడుగులో తేలుతున్నాయి. చూస్తుండగానే ఒక్కొక్కటీ ఉబ్బి, పొరలు విడి, కడుపులోని కాగితం బయటపెట్టింది. ఇండియన్ ఇంకు. నీళ్లకి చెరగలేదు. ఏడుల మీద గీతలు నిక్షేపంగా ఉన్నాయి.

దేముడమ్మ జోగారావు కట్లు విప్పి చెయ్యి చాపింది. "నీదేదీ?"

జేబులు ఖాళీ. హేమలత సంచిలోంచి ఫౌంటెన్ పెన్ను తీసి, అడుగు తిప్పి కత్తి చూపించి ఇచ్చాడు. ఆమె బొటనవేలి మీద పదును చూసుకుంది.

"చింతకాయ కొయ్యడానికి పనికొత్తాది. ఎల్లు."

బుధవారం పదింటికి జడ్జి ఆ కాగితాల్నీ గెస్ట్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టుకున్నాడు. తమ్ముడి రాతలో ఏడుకి గీత లేదు. పదకొండింటికి గోపాలకృష్ణ అన్న భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చీఫ్ మాత్రం పెన్ను ఏదని అడిగాడు.

వరండాలో హేమలతని జైలుకి నడిపిస్తున్నారు. ఎన్నిసార్లు స్నానం చేసిందో కానీ, ఎస్కార్టు మూడడుగుల దూరంలోనే నడుస్తున్నాడు. జోగారావు ముందు ఆమె ఆగింది.

"అది నిజంగా పండగేనని ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెప్పినా ఏం లాభం?" అన్నాడు జోగారావు. "భార్య మొగుడి మాట నమ్మడం మానెయ్యడానికి ఏడాది పడుతుందంటారు. మనకి నాలుగు రోజులే పట్టింది."