కుడి ఇంజిన్ నంబర్

"బియ్యంలో రాయి లేదు."

పౌడర్ డబ్బాలో దాచిన రేడియోలోంచి ఆ కోడ్ వినగానే గూఢచారిణి పిచ్చుక ఎగిరి గంతేయబోయి తమాయించుకుంది. కొనబోయే విమానం మీద లీన్, అంటే బాకీదారు హక్కు గానీ, తాకట్టు గానీ లేదని దానర్థం. రేపు రహస్య కోడ్ యంత్రాన్ని సరిహద్దు దాటించేది ఆ విమానమే. నడిపేది ఆమెను పెళ్లాడి సరిగ్గా ఇరవై రోజులైన పైలట్.

"పదకొండుకల్లా సంతకం పెట్టెయ్," అన్నాడు రేడియోలో చీఫ్.

పిచ్చుక కోటీశ్వరుల కోడలి వేషంలో హ్యాంగర్లో నిలబడి ఉంది. కాస్త దూరంలో, కళ్లు చెదిరే నీలం గౌనులో, అమ్మకాల ఏజెంట్ నెమలి. విదేశీ ముఠాలో ఉంటూ మనకోసం పనిచేస్తోందని చీఫ్ గట్టి నమ్మకం.

పిచ్చుక పౌడర్ అద్దుకుంటూ గొణిగింది. "ఇంజిన్లు కూడా వెతికించారా సార్?"

"విమానం నంబరుతో వెతికించాం. చాలదా?"

"చాలదు. ఇంజిన్ల తాకట్టు వాటి నంబర్ల మీద వేరే రాస్తారు."

"కాగితాలన్నీ నెమలి చూసింది. పెట్టు. ఇది ఆర్డర్!"

"నా మొగుడెక్కే విమానం సార్. పెట్టను!"

విమానం చుట్టూ షికారుగా తిరుగుతూ, డబ్బా అద్దంలోని కెమెరాతో రెండు ఇంజిన్ల నంబర్లూ ఫోటో తీసింది. కుడిదాని నంబరు అమ్మకపు కాగితంలో లేనే లేదు! ఫోటో నేరుగా, తాకట్లు నమోదు చేసే రిజిస్ట్రీలో తమ మనిషైన గుమాస్తాకు పంపింది.

పది యాభై తొమ్మిది.

"ఏంటమ్మా, కొత్త పెళ్లికూతురిలా ఆ తడబాటు?" నెమలి పెన్ను చాచింది.

"కొత్త పెళ్లికూతుర్నే మరి!"

డబ్బాలో గుమాస్తా గొంతు కీచుమంది. "రాయి దొరికింది! కుడి ఇంజిన్ ముఠా కంపెనీకి తాకట్టులో ఉంది. అవతల దిగగానే కోర్టు ఆర్డరుతో విమానాన్ని పట్టేస్తారు. యంత్రం, మీ ఆయన, అంతా వాళ్ల గుప్పిట్లోకే!"

నెమలి చెయ్యి హ్యాండ్ బ్యాగులోకి దూరింది. పిస్టల్ సగం పైకొచ్చేలోగా పిచ్చుక తన పెన్ను మూత నొక్కింది. తెల్లటి పొగ బుస్సుమంది. నెమలి అమ్మకపు కాగితాల మీదే సొమ్మసిల్లింది.

డబ్బాలో చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "నా మాట వినలేదు నువ్వు."

"రేపు కూడా వినను సార్. విమానం ఎలాగూ ఎగరదు, ఇద్దరికీ సెలవు కావాలి. పొద్దున్నే సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొనడానికి వెళ్తున్నాం. రంగు ఆయన చూస్తారు, ఇంజిన్ నంబరు నేను చూస్తాను."