గడియ పడిందా?

ఆ కారుకి రెండే సీట్లు, గుడ్డ టాపు, బోలెడంత పొగరు. నలభై ఏడేళ్ళొస్తే మనుషులకే మోకాళ్ళు పట్టేస్తాయి, ఇనుముకి మాత్రం ఏం తక్కువ? చోక్ లాగితే గాని మేలుకోదు. మేలుకున్నా మూడుసార్లు దగ్గి, ఇంత పొగ వదిలి, అప్పుడు గాని మన మాట వినదు. వానలకి ముందు తలుపుల రబ్బర్లు మార్చాలి, ఎండలకి ముందు రేడియేటర్ కడగాలి, ఆ రెండింటి మధ్యా ఏదో ఒకటి ఊడి చేతిలోకొస్తుంది. ఇంత చాకిరీ చేయించుకునే బండిని ఎందుకు ఉంచుకోవడం అని అడిగేవాళ్ళని, టాపు దించి ఒక్కసారి అందులో రోడ్డెక్కి చూడమనాలి. నా దగ్గర అంతకంటే జవాబు లేదు.

కారుని బాగుచేసింది చిట్టి. ఇంట్లో రెండో పిల్ల కాబట్టి ఆ ముద్దుపేరు వచ్చింది, నలభై నాలుగేళ్ళు దాటినా వదల్లేదు. లారీలకి కప్పే పట్టాలు, గుడారాలు, సోఫా తొడుగులు కుట్టడం ఆమె పని. కుడిచేతి బొటనవేలు సూదిపోట్లతో గట్టిపడి బూటు అడుగులా ఉంటుంది. కారు మాత్రం వాళ్ళ నాన్నది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. మనిషి పొట్టి, మాట పొదుపు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఆ స్టీరింగ్ మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చి ఎరగడు. చిట్టిది ఎప్పుడూ పక్క సీటే.

ఆ కారు టాపుకి ముందు అద్దం పైన రెండు గడియలుంటాయి, చెరోవైపూ ఒకటి. తన వైపుది నాన్న నొక్కేవాడు. పక్క సీటు వైపుది చిట్టి నొక్కాలి. అప్పుడు నాన్న తల తిప్పకుండానే అడిగేవాడు.

"గడియ పడిందా?"

"పడింది, నాన్నా."

ఆ మాట వింటేనే బండి కదిలేది. "పడలేదు" అంటే స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చునేవాడు. పడే దాకా అంగుళం కదిలేవాడు కాదు. వెనకాల ఎన్ని బళ్ళు హారన్ కొట్టనీ, లెక్కచేసేవాడు కాదు.

ఏడేళ్ళప్పుడు ఒకసారి గడియ మొరాయించింది. రెండుసార్లు "పడలేదు" అన్న పిల్లకి మూడోసారి ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. "పడింది" అనేసింది. వంతెన మీద గాలికి టాపు లేచి ఫెళ్ళున చిరిగిపోయింది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. బండి ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి, "ఎందుకు అబద్ధమాడావో ఇందులోనే కూర్చుని ఆలోచించుకో" అన్నాడు. పిల్ల లోపల ఉండగానే కారంతా పట్టా కప్పి, అంచులు తాడుతో బిగించి వెళ్ళిపోయాడు.

ఎంతసేపున్నదో చిట్టికి గుర్తులేదు. ఎవరు బయటికి తీశారో అసలే గుర్తులేదు. అమ్మనడిగితే, "మీ నాన్నే తెచ్చి పడుకోబెట్టాడు" అంటుంది. నాన్ననడిగితే, "మీ అమ్మే కదా తీసింది" అనేవాడు. మరి తీసిందెవరని ఇంట్లో అందరూ నవ్వుకునేవాళ్ళు. చిట్టి కూడా నవ్వేది. ఆ నవ్వు ఎలా వచ్చేదో నాకైతే అర్థం కాదు.

మూడేళ్ళ కిందట నాన్న ఆ డ్రైవర్ సీట్లోనే, స్టీరింగ్ మీద చెయ్యి వేసి పోయాడు. కాగితాలు అన్నయ్య పేరు మీదికొచ్చాయి.

"నీకెందుకే చిట్టీ, ఆ తలనొప్పి? పాత కార్ల పిచ్చోడెవడికైనా ఇచ్చేద్దాం" అన్నాడు అన్నయ్య.

"నేనున్నాగా పిచ్చిదాన్ని. నా పేరు మీద రాయి."

అన్నయ్య పగలబడి నవ్వాడు. "సరే, పందెం. దాన్ని కొండ దాటించి మా ఇంటిదాకా నువ్వే నడుపుకొచ్చేయ్, సంతకం పెడతా. మధ్యలో ఆగిపోయిందా, ఆగిన చోటే అమ్మేస్తా."

మాట అంటే పడే రకం కాదు చిట్టి. రెండేళ్ళు ఒళ్ళు వంచింది. తుప్పు తినేసిన అడుగు రేకు కోయించి కొత్తది అతికించింది. కార్బురేటర్ విప్పి పాత టూత్ బ్రష్‌తో తోమింది. బ్రేకు గొట్టాలు మార్పించింది. టాపు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. రెండు పొరల గుడ్డ తెచ్చి, మైనం పట్టించిన దారంతో ప్రతి కుట్టూ తనే వేసింది.

ముసలి మెకానిక్ చివరి రోజు చేతులు తుడుచుకుంటూ నసిగాడు. "అంతా బాగానే ఉందమ్మాయ్. ఆ సీటు సంగతే అంతుపట్టట్లేదు. నీ కాళ్ళకి సరిపోయేలా వెనక్కి జరిపి బిగిస్తున్నా. మర్నాడు చూస్తే మూడు మెట్లు ముందుకొచ్చి ఉంటోంది."

"మా నాన్న పొట్టి."

"తెలుసు. అందుకే చెప్తున్నా."

"ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్కసారి కూడా కూర్చోనివ్వలేదు. ఆయన వంతు అయిపోయింది" అని చిట్టి సీటుని ఒక్క తన్ను తన్ని వెనక్కి జరుపుకుంది.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరింది. టాపు దించేసింది. మూడు దగ్గులు, ఇంత పొగ, ఆ తర్వాత బండి లేడిలా పరిగెత్తింది. కొండ ఎక్కుతుంటే గాలి చెవుల్లో హోరుమంది. నలభై ఏళ్ళుగా పక్క నుంచి చూసిన రోడ్డు ఇప్పుడు ఎదురుగా వస్తోంది. ఆనందం పట్టలేక గట్టిగా కేక కూడా పెట్టింది. ఎవరు వింటే ఏం?

కొండ మీదికి చేరేసరికి మబ్బు దిగింది. నాలుగు గంటలకే చీకటి పడినట్టయింది. రోడ్డు పక్కన బండి ఆపి, ఇంజన్ కట్టేసి, టాపు పైకి లాగింది. చినుకులు మొదలయ్యాయి. తన వైపు గడియ ఇట్టే పడింది. పక్క వైపుది కొత్త గుడ్డ బిగువుకి మొరాయించింది. అందడం లేదని గేరు రాడ్ దాటి పక్క సీట్లోకి జరిగింది. రెండు చేతులతో బలం కొద్దీ నొక్కింది.

టక్.

"గడియ పడిందా?"

"పడింది, నాన్నా."

నోరు దానంతటదే అనేసింది. ఆ ప్రశ్నకి ఆ జవాబు ఎన్ని వేలసార్లు చెప్పిందో ఆ నోరు. అనేశాక గాని, అడిగిందెవరన్న ఆలోచన రాలేదు...

వాన టాపు మీద సన్నగా కొడుతోంది. కొత్త గుడ్డ వాసన, మైనం వాసన. వాటి మధ్య నుంచి మెల్లగా... లవంగం వాసన.

ఖాళీగా ఉన్న డ్రైవర్ సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఎవరో బరువుగా సర్దుకుని కూర్చున్నట్టు. తర్వాత సీటు ముందుకి జరిగింది. టిక్. టిక్. టిక్. మూడు మెట్లు. వెనక చూసే అద్దం పొట్టి మనిషికి కనబడేలా కిందికి వంగింది.

చిట్టి తల తిప్పలేదు. తిప్పలేకపోయింది.

తాళం తిరిగింది. చోక్ లేకుండా, ఒక్క దగ్గు కూడా లేకుండా, ఇంజన్ మెత్తగా మేలుకుంది. రివర్స్ గేరు పడింది. బండి వెనక్కి కదిలింది... ఇంటివైపు. షెడ్డువైపు.

చిట్టి తలుపు పిడి లాగింది. రాలేదు. కిటికీ అద్దం తుడిచింది. బయట కొండ లేదు, వాన లేదు. అద్దానికి ఆనుకుని ముతక గుడ్డ. ఆకుపచ్చది. పాత పట్టా. దాని అంచున తాడు బిగుస్తున్న చప్పుడు... చుట్టూ తిరుగుతూ... ఒక్కో ముడీ. కాళ్ళు కిందికి చాచింది. ఏడేళ్ళప్పటిలా, అవి నేలకి అందలేదు.

ఏడుపు ముంచుకొచ్చింది. దాని వెనకాలే కోపం వచ్చింది, ఆ ఏడుపుని పక్కకి తోసుకుంటూ. రెండేళ్ళు తుప్పు పీల్చింది ఎవరు? ఈ టాపు కుట్టింది ఎవరు? చిట్టి చెయ్యెత్తి గడియ పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"పడలేదు."

బండి ఆగింది.

తర్వాత, ఇందాకటికంటే మెల్లగా, "గడియ పడిందా?"

"పడలేదు."

ఇంజన్ ఆగిపోయింది. పక్కన రెండు అరచేతులు మోకాళ్ళ మీద పడిన మెత్తని చప్పుడు వినిపించింది. తన నియమం తను తప్పడు. బతికున్నప్పుడు తప్పలేదు, చచ్చాక ఎందుకు తప్పుతాడు?

మూడోసారి ఆ గొంతు చెవి పక్కనే వచ్చింది. చల్లగా... లవంగం ఘాటుతో...

"పడిందా...?"

ఇదే మూడోసారి. ఏడేళ్ళప్పుడు ఇక్కడే ఓడిపోయింది.

"పడలేదు నాన్నా! పడదు! ఇది నేను కుట్టిన టాపు. ఎప్పుడు పడుతుందో నేను చెప్తా, నువ్వు విను!"

తడి టాపు మడవకూడదు, బూజు పడుతుందన్నది నాన్న రెండో నియమం. ఆ టాపునే ఇప్పుడు తియ్యాలనుకుంది. కానీ ఆయన వైపు గడియ కూడా ఊడాలి. చెయ్యి చాచింది. చేతికి చల్లగా ఏదో తగిలింది... మణికట్టు. వెనక్కి తీసుకోలేదు. దాన్ని పక్కకి నెట్టి గడియ లాగింది. లేచి, రెండు చేతులతో టాపుని వెనక్కి తోసేసింది. వాన ధారలుగా లోపలికి దూకింది. ఆకాశం కనబడింది. కొండ కనబడింది.

"లే. అది నా సీటు."

తడిసిన సీట్లోకి దూకి, వెనక్కి తన్ని, తాళం తిప్పింది. మూడు దగ్గులు. ఇంత పొగ. ఆ దగ్గు అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు.

కొండ దిగి ఇల్లు చేరేసరికి అన్నయ్య గుమ్మంలో నోరు తెరిచాడు. "ఇదేంటే, ఇంత వానలో టాపు తీసేసి! మతి పోయిందా?"

"పోలేదు. పెన్ను తియ్" అంది చిట్టి, తడి చెప్పులు విదిలించుకుంటూ. సంతకం పెట్టించుకునే దాకా తల కూడా తుడుచుకోలేదు.

మర్నాడే మెకానిక్ చేత పక్క సీటు వైపు గడియ విప్పించి, తన చేత్తోనే తుక్కు బండిలో పడేసింది. దాని చోట రెండు మడతల తోలు పట్టీ కుట్టి బకిల్ పెట్టింది. బకిల్‌కి చప్పుడుండదు. నెల తిరిగింది. సీటు పెట్టిన చోటే ఉంది. లవంగం వాసన లేదు.

తర్వాత ఒక ఉదయం, ఎండ షెడ్డు గుమ్మం దాకా పరుచుకుని ఉండగా, టాపుకి మైనం రుద్దాలని డ్రైవర్ సీట్లో కూర్చుని పైకి లాగింది. తన వైపు గడియ నొక్కింది. పక్కకి వంగి పట్టీ అందుకోబోయింది.

టక్.

ఆ వైపు గడియే లేదు.

"పడింది, నాన్నా."

ఆ మాట అన్నది చిట్టి కాదు. చిన్న గొంతు. ఊడిన పన్ను సందులోంచి గాలి పోయే, ఏడేళ్ళ పిల్ల గొంతు. ఎవరిదో పోల్చుకోవడానికి చిట్టికి క్షణం పట్టలేదు. పట్టా కప్పిన ఆ రోజు ఈ కారులోంచి తనని ఎవరూ బయటికి తియ్యలేదని కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

చిట్టి చెయ్యెత్తి, తన గడియ తీసేసింది.

"పడలేదని చెప్పవే" అంది. "నేను వచ్చాగా. ఇద్దరం పోదాం."

పక్క సీటు కింద నుంచి, చీకట్లోంచి, గుసగుస.

"గట్టిగా అనకు... నాన్న వింటాడు."

"విననీ" అంది చిట్టి, ఇంకా గట్టిగా. వంగి ఆ చీకట్లోకి చెయ్యి చాచింది. సన్నని వేళ్ళు ఆమె గట్టిపడిన బొటనవేలిని వెతుక్కుని పట్టుకున్నాయి. చిట్టి వదల్లేదు.

అప్పుడు ఆమె కూర్చున్న సీటు, ఆమెతో సహా, ఒక్క మెట్టు ముందుకి జరిగింది.

టిక్.