ఆరూ పదికి ఆగిపోయే సర్వరు

రేవు దగ్గర టికెట్ల గదిలోకి ఆ అమ్మాయి సర్వరు పెట్టెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది. కౌంటరు వెనక ఉన్న ఒకే ఒక్క బల్ల మీద దించింది. దించిన చోట టికెట్ల అబ్బాయి టీ గ్లాసు ఉండేది.

"మేడమ్, అది నా టీ," అన్నాడతను ప్యాంటు దులుపుకుంటూ.

"సారీ. ఇది నా సర్వరు," అంది ఆమె.

పరిచయాలు అలా అయ్యాయి.

ఆమెకు ముందు అదే పని మీద ఇద్దరు వచ్చి, చేతకాక వెళ్ళారు. వైర్లు ఎలకలు కొరికాయన్నాడొకడు. గాలిలో తేమ ఎక్కువన్నాడు రెండోవాడు. ఈమెను పంపిస్తూ బాస్ ఒక్కటే చెప్పాడు. "శుక్రవారం పదింటికి పడవల సంస్థ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. టికెట్ బుకింగ్ వెబ్‌సైట్ నడుస్తూ కనపడాలి. లేదా నువ్వు మళ్ళీ ఫోన్లెత్తే సీట్లోకే."

ఆ సీట్లో ఆమె రెండేళ్ళు కూర్చుంది. "ఒకసారి ఆపి ఆన్ చేయండి సార్" అని రోజుకు వందసార్లు చెప్పీ చెప్పీ, నిద్రలో కూడా అదే కలవరించేదట. ఇక ఆ సీట్లోకి వెళ్ళేది లేదు. పళ్ళు బిగించి పనికి దిగింది.

సోమవారం సాయంత్రానికి డేటాబేస్ ఎక్కించింది, అప్లికేషన్ ఎక్కించింది, సెట్టింగులన్నీ సరిచూసింది. టికెట్ల అబ్బాయి ఫోనులో వెబ్‌సైట్ నిగనిగలాడుతూ తెరుచుకుంది.

"ఎవరు బుక్ చేసినా ముందు ఇక్కడ పెండింగ్ అని పడుతుంది. కౌంటర్లో ఖరారు నొక్కితేనే సీటు," అని వివరించింది ఆమె.

"అంటే మీరు ఖరారు చేస్తేగానీ ఎవరికీ చోటు దొరకదన్నమాట."

"అన్నమాటే."

"కష్టమేనండీ," అన్నాడతను, ఎటో చూస్తూ.

ఆమె అయిదున్నర పడవెక్కి అవతలి ఒడ్డున ఉన్న ఇంటికి వెళ్ళిపోయింది. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే పెట్టె వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, వెబ్‌సైట్ మాత్రం లేదు.

"మీరు లేరని బెంగ పెట్టుకుని ఉంటుంది," అన్నాడతను.

ఆమె డేటాబేస్, అప్లికేషన్ రెండూ తుడిచేసి మొదటి నుంచీ మళ్ళీ ఎక్కించింది. బుధవారం పొద్దున చూస్తే అదే తంతు.

"నేను వెళ్ళాక దీన్ని ఎవరో కెలుకుతున్నారు. ఈ గదిలో ఉండేది మీరే."

"వేలు కూడా పెట్టలేదండీ. మా నాయనమ్మ మీద ఒట్టు."

"నా మీదెందుకురా, నీ మీద వేసుకో," అంది గుమ్మం పక్క స్టూలు మీంచి నాయనమ్మ. నలభై ఏళ్ళు అదే కౌంటర్లో టికెట్లు చింపిన మనిషి. మనవడికి అప్పగించినా స్టూలు మాత్రం వదల్లేదు.

ఆ పూట అతను టికెట్లు కోపంగానే చింపాడు. ఒకరిద్దరికి సగం టికెట్టే దక్కింది.

ఆ కోపం ఆమెకు ఉక్కపోతలా ఉంది. సర్వరు ఏ నిమిషానికి ఏం చేసిందో రాసుకునే లాగ్ మొత్తం పట్టుదలగా చదివింది. సోమవారం చివరి నమోదు ఆరూ పదికి. మంగళవారం చివరి నమోదూ ఆరూ పదికే. ఇంత టైము పాటించేది మనిషి తప్ప ఇంకేమవుతుంది?

ఆ సాయంత్రం తన పడవను వెళ్ళనిచ్చి, బల్ల వెనక నక్కి కూర్చుంది.

ఆరింటికి వచ్చిన ఆఖరి పడవను కట్టేశారు. ఆరూ పదికి నాయనమ్మ స్టూలు దిగి, కొంగు బిగించి, గోడకున్న మెయిన్ స్విచ్ పిడిని రెండు చేతులా కిందికి లాగింది. గది చీకటైంది. సర్వరు ఉస్సురుమంది.

"బామ్మగారూ!"

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, ఇంకా ఇక్కడే ఉన్నావుటే!"

"రోజూ ఆపేస్తారా?"

"ఆపక? ఆ రోజుల్లో ఒక పిడుగు తిన్నగా ఈ కిటికీలోంచే వచ్చింది తల్లీ. మర్యాదగా వరసలో నిలబడి, నా దగ్గర టికెట్టు తీసుకుని, వెనక గుమ్మంలోంచి పోయింది. పోతూ పోతూ బల్బులన్నీ పట్టుకుపోయింది. అప్పట్నుంచి ఆఖరి పడవ కట్టగానే మెయిన్ ఆపడమే. పొద్దున ఆరింటికి వీడు వేస్తాడు. ఎప్పుడూ ఉండేదే, నీకు వేరే చెప్పాలా?"

అమ్మాయి నుదురు కొట్టుకుంది. కరెంటు రాగానే పెట్టె తనంతట తనే లేస్తోంది. కానీ దానితోపాటు అప్లికేషన్‌ను కూడా లేపమని చెప్పే సెట్టింగు ఆమె పెట్టనే లేదు. ఊరందరి చేతా ఆపి ఆన్ చేయించిన మనిషి, తన సర్వర్ని ఒక్కసారి కూడా ఆపి ఆన్ చేసి చూడలేదు!

"మిమ్మల్ని అన్యాయంగా అన్నాను," అంది, చీకట్లోనే కౌంటరు సర్దుతున్న అతనితో.

"అన్నారు. టీ కూడా ఒలకబోశారు. రెండూ కలిపి గుర్తుపెట్టుకున్నా."

బయట వాన. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళే బస్సు దాకా అతను గొడుగు పట్టాడు. దారి పొడుగునా గొడుగు ఆమె వైపే వాలింది. అతను మాత్రం నదిలోంచి తీసిన చేపలా తడిశాడు.

గురువారం ఆమె సెట్టింగు పెట్టి, నాయనమ్మ ముందు నిలబడింది. "బామ్మగారూ, మెయిన్ ఆపండి."

"పట్టపగలా?"

"ఆపండి. మళ్ళీ వేయండి."

మొదటిసారి లేవలేదు. డేటాబేస్ కళ్ళు తెరవకముందే అప్లికేషన్ లేచి, పిలిచి పిలిచి పడిపోయింది. ఎవరి తర్వాత ఎవరు లేవాలో వరస రాసింది. రెండోసారి లేచింది. అయినా ఆగలేదామె.

"ఇంకోసారి, బామ్మగారూ."

"నా రెక్కలు పడిపోతున్నాయే! ఒరేయ్, ఎన్నిసార్లైంది?"

"పదకొండు, నాయనమ్మా."

"పెట్టెకంటే ఈ పిల్ల మొండిదిరా," అంది నాయనమ్మ, మనవడి ముఖంలోకి కాస్త ఎక్కువసేపే చూస్తూ.

శుక్రవారం పదింటికి సంస్థ వాళ్ళు నలుగురూ బాసూ వచ్చి ఫోన్లు తీశారు. సరిగ్గా అప్పుడే ఆకాశం ఉరిమింది. నాయనమ్మ ఎవరినీ అడగలేదు. స్టూలు దిగింది, కొంగు బిగించింది, పిడి లాగింది.

బాస్ ముఖంలో కూడా కరెంటు పోయింది. "అయిపోయింది," అన్నాడు.

"అవలేదు సార్," అంది ఆమె. "ఉరుములు తగ్గాక బామ్మగారే వేస్తారు. ఎవరూ ఏమీ ముట్టుకోవద్దు."

పావుగంట తర్వాత నాయనమ్మ పిడి ఎత్తింది. టికెట్ల అబ్బాయి గడియారం చూస్తూ నిలబడ్డాడు. నిమిషం. నిమిషన్నర. రెండు నిమిషాలు నిండకుండానే అందరి ఫోన్లలోనూ వెబ్‌సైట్ తెరుచుకుంది.

"పిడుగు పడ్డా లేస్తుందన్నమాట," అన్నాడు సంస్థ పెద్దాయన.

"ఇకమీదట బయటి పనులన్నీ నీకే," అన్నాడు బాస్ ఆమెతో, చెమట తుడుచుకుంటూ.

"మబ్బు లేని రోజు మెయిన్ జోలికి నేనూ రాన్లే," అని నాయనమ్మ వరమిచ్చింది.

అందరూ వెళ్ళిపోయాక ఆమె సామాను సర్దుకుంటుంటే తెర మీద మొదటి బుకింగ్ పడింది. ఆదివారం, మొదటి పడవ, పక్కపక్క సీట్లు రెండు. ప్రయాణికులు: టికెట్ల అబ్బాయి, టీ ఒలకబోసిన అమ్మాయి. కింద పెండింగ్.

ఆమె తలెత్తింది. అతను టికెట్ల కట్టను మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. కట్ట తలకిందులుగా ఉంది.

"ఏమే, కదలవు? పెట్టె మళ్ళీ ఆగిందా?" అంది నాయనమ్మ.

"లేదు బామ్మగారూ. ఒకటి పెండింగ్‌లో ఉంది."

"అయితే తొందరగా కానీ. ఇవాళ మబ్బు విడలేదు. ఆరూ పదికి ఆపేస్తా."

ఆరూ పది దాకా ఎవరు ఆగుతారు? ఆమె ఖరారు నొక్కింది.

కౌంటర్లో అతని ఫోను టింగుమంది. టికెట్ల కట్ట కింద పడింది.