వీడియోలో లేని అమ్మ

ఆదివారం పొద్దున్న మల్కాపురంలో కుసుమకుమారి పొయ్యి మీద ఇడ్లీలు ఉడికేలోపే ఇరుగుపొరుగు పోగయ్యారు. పక్కింటి జోగమ్మ తన స్టూలు తానే తెచ్చుకుని టీవీ ముందు వేసుకుంది. కూతురు శ్రీసత్య కాలేజీవాళ్ళు దువ్వాడ స్టేషన్లో చేసిన ఫ్లాష్‌మాబ్ ఇన్‌స్టాలోకి వచ్చిందనీ, అందులో తానూ ఆడాననీ కుసుమ వీధంతా చెప్పుకుంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈసారి కాకికి తన మీద తనకే ముద్దొచ్చింది.

మొన్న కూతురు మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని ఆమె స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడ పాట మొదలైంది, శ్రీసత్య ఒక్కతే అడుగు వేసింది. టికెట్ల దగ్గర నిలబడ్డ కుర్రాడు బ్యాగు పడేసి కలిశాడు. బెంచీ మీది అమ్మాయి లేచి కలిసింది. వాళ్ళంతా ముందే సాధన చేసి, ప్రయాణికుల్లా నటిస్తున్న కాలేజీ పిల్లలని కుసుమకేం తెలుసు? ఆమె పుట్టింటి ఊళ్ళో కోలాటం అచ్చం అలాగే సాగేది. చూసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కలిసేవారు, రాకుండా నిలబడితే ఆడేవాళ్ళను చిన్నబుచ్చినట్టే. అందుకని క్యారేజీ బెంచీ మీద పెట్టి, కొంగు దోపి, ఆమె కూడా వెళ్ళి కలిసింది. కూతురు ఆ రోజు తలనొప్పని చెప్పి పడుకుంది.

భర్త కొండలరావు ఫోన్ని టీవీకి కలిపాడు. పిల్లలంతా కనబడ్డారు, జనం చప్పట్లు కొట్టారు, అయిపోయింది. కుసుమ మరోసారి వేయమంది. ఒకచోట అంచున కుసుమ పసుపు చీర చెంగు ఇలా కనబడి అలా పోయింది.

"నువ్వెక్కడే కుసుమా?" అంది జోగమ్మ.

"నాను పక్కకుండిపోనాను వొదినా. ఫోన్లో పట్టలేదు."

గది గుమ్మంలో నిలబడి శ్రీసత్య ఆ మాట విన్నది. వీడియోలోంచి తల్లిని కత్తిరించింది తనే మరి.

అందరూ వెళ్ళాక, ఆ చెంగు చూసి అనుమానపడ్డ తండ్రి నిలదీశాడు. శ్రీసత్య ముందు కాదంది, తర్వాత గొంతు పెంచింది. ఇది కాలేజీల మధ్య పోటీ అనీ, లైకులు ఎక్కువొచ్చిన వాళ్ళదే గెలుపనీ, అమ్మ మధ్యలో తప్పుటడుగులు వేస్తుంటే కామెంట్లలో జనం ఏం రాస్తారో తెలీదా అనీ అంది. కొండలరావు కసురుకోబోతే కుసుమ ఆపింది.

"ఒక్కొక్కరే వచ్చి కలుత్తంటే, అందర్నీ రమ్మంతన్నారనుకున్నానమ్మా. తప్పే. బాగానే తీసేసినావు. జోగమ్మకి మాత్రం సెప్పకు."

ఆమె ఇడ్లీ పళ్ళేలు కడగడానికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే శ్రీసత్యకి తేలిగ్గా ఉండేది.

గదిలో కూర్చుని కత్తిరించని వీడియో మళ్ళీ చూసింది. అమ్మ జనాన్ని చూడలేదు, ఫోన్లను చూడలేదు. కూతురి పాదాలే చూస్తూ, ఒక అడుగు వెనకగా వేస్తోంది. పాట అయిపోగానే, అనుకున్న ప్రకారం అందరూ తలో దిక్కూ చెదిరిపోయారు. అమ్మ ఒక్కతే మధ్యలో నిలబడి ఎవరికోసమో చూస్తోంది. శ్రీసత్యకి ఏడుపు ఆగలేదు.

అన్ని లైకులు వచ్చిన వీడియోని తీసేసింది. స్నేహితులు ఫోన్ మీద ఫోన్ చేస్తే, తప్పు తనదేనని చెప్పింది. 'మా అమ్మ' అని రాసి మొత్తం వీడియో పెట్టి, తానే వెళ్ళి జోగమ్మని పిలుచుకొచ్చింది. అడుగులు చూసి జోగమ్మ పడీపడీ నవ్వింది, కుసుమా నవ్వింది. చివరికొచ్చేసరికి మాత్రం కుసుమ నవ్వు ఆగింది.

"అందరూ ఒక్కసారే ఎటెల్లిపోనారే? నీకోసం ఎంత సూసినానో."

"స్తంభం ఎనకాల దాక్కున్నానమ్మా," అంది శ్రీసత్య. "నువ్వు మా అమ్మవని ఎవరికీ తెలీకూడదని."

కుసుమ కూతురి తల దగ్గరికి తీసుకుని, తడి చెంప కొంగుతో తుడిచింది.

"ఈసారి అడుగులు ముందే నేర్పెయ్యి మరి," అంది.