వేడి పారబోసిన లోయ

గాజు తలుపు అవతల గదిలో మైత్రి నేలమీద కూర్చుని స్టీలు చెంచాలతో వంతెన కడుతోంది. ఇవతల ఆమె తల్లి లహరి తడి తువ్వాలుతో నిలబడింది. పక్కనే తండ్రి భూమేశ్, నీళ్ల బకెట్‌తో. బయట నసీమా నగరం నలభై తొమ్మిది డిగ్రీల ఎండలో మాడిపోతోంది. గదిలో ఏసీ లేదు, ఫ్యాను లేదు. గోడలకు బూడిదరంగు ప్యానెళ్లు మాత్రం బిగించి ఉన్నాయి.

"ఇంకెంతసేపు మేడమ్? బిడ్డ ఒళ్లు మసిలిపోతది" అంది లహరి.

"ఇంకాస్త ఓపిక పట్టు. నేనిక్కడే ఉన్నాగా" అంది డాక్టర్ మృణాళిని, తెరమీద పిల్ల ఒంటి వేడిని చూపే అంకె మీంచి చూపు తిప్పకుండా.

మైత్రి చెమట గ్రంథులు లేకుండా పుట్టింది. ఎండలో మనకు చెమట పడుతుంది, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆ పిల్లకు ఆ దారి లేదు. వేడి లోపలే పేరుకుపోతుంది. టైల్స్ పనికి జగిత్యాల నుంచి ఈ ఎడారికి వచ్చిన భూమేశ్, ఇళ్లలో పిల్లల్ని ఆడించే లహరి, వంతులు వేసుకుని తడిగుడ్డలతో తుడుస్తూ ఆమెను ఇంతదాకా బతికించుకున్నారు. ఊరికి పోదామంటే అక్కడి మే నెలా నిప్పుల కొలిమే. ఇక్కడ కనీసం ఆసుపత్రి దగ్గర. ఆ ఆసుపత్రిలోనే, నీళ్ల తొట్టిలో మెడదాకా కూర్చుని నవ్వుతున్న మైత్రిని మృణాళిని మొదటిసారి చూసింది. శాస్త్రవేత్తగా తాను కనిపెట్టి, అప్పటిదాకా కాగితం మీదే ఉంచిన ప్యానెల్ ఎవరికోసమో ఆరోజు ఆమెకు తెలిసింది.

మైత్రి లేచి తలుపు తోసుకుని వచ్చింది.

"అమ్మా, చలి పెడుతుంది."

లహరికి అర్థం కాలేదు. ఆ మాట ఆ పిల్ల నోట ఎన్నడూ రాలేదు. కప్పడానికి చేతిలో ఉన్నది తడి తువ్వాలే. భూమేశ్ బకెట్ దించి, తన చొక్కా విప్పి కూతురికి చుట్టాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు కదులుతోంది.

"నా గదిల వేడి ఏడికి వోయింది డాక్టరమ్మా?" అని అడిగింది మైత్రి.

మృణాళిని ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "చల్లదనాన్ని ఎవరూ తయారుచెయ్యలేరు తల్లీ. వేడిని ఒకచోట తీసి ఇంకోచోట పారబొయ్యడమే. నీ గది వేడిని ఈ ప్యానెళ్లు పీల్చి పైపుల్లోకి పంపుతాయి. పైపులు పడమటి లోయకు తీసుకెళ్లి వదిలేస్తాయి. అక్కడ ఎవరూ ఉండరు."

ప్రయోగం సాగినంతకాలం ఉండమని ప్యానెళ్ల కంపెనీ ఆ కుటుంబానికి తొమ్మిదో అంతస్తులో అవే ప్యానెళ్లున్న అపార్ట్‌మెంట్ ఇచ్చింది. మైత్రి మొదటిసారి పరుగెత్తింది అక్కడే, పొడవాటి వరండాలో, ఆ చివరి నుంచి ఈ చివరికి, ఎవరూ వద్దనకుండా. ప్రతి శుక్రవారం మృణాళిని వచ్చేది. లహరి చేసిన సర్వపిండి తినేది. మైత్రితో పందెం వేసి కావాలని ఓడిపోయేది. పెళ్లి చేసుకోని ఆ మనిషికి వారమంతా ఆ ఒక్క పూట కోసమే గడిచేది.

ప్రయోగం నెగ్గింది. అదే వాళ్ల కొంప ముంచింది.

చప్పుడు లేని, వసంతంలాంటి ఇళ్లున్న ఎడారి నగరమని నసీమా పేరు లోకమంతా పాకింది. డబ్బున్నవాళ్లు విమానాల్లో వచ్చి దిగారు. టవర్లన్నిటికీ ప్యానెళ్లు వచ్చాయి. వాటితోపాటు అద్దెలూ మేడలెక్కాయి. ఇక ఉచితం కుదరదని కంపెనీ మేనేజర్ చెప్పిన రోజు లహరి ఫోన్ చేసింది.

"మేం ఏడికి పోవాలె మేడమ్, దీన్ని వట్టుకొని?"

"మీరెక్కడికీ వెళ్లరు. నేను మాట్లాడతాను."

మాట్లాడింది కూడా. చూస్తామన్నారు. చూస్తామన్న మాటను సరేనన్నట్టు విని, ఇంకో దేశపు ఎడారిలో ప్యానెళ్లు బిగించడానికి మృణాళిని విమానం ఎక్కింది. అక్కడి పనిలో పడి మొదట్లో రోజూ, తర్వాత ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేసేది. కొన్నాళ్లకు ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది. ఫోన్ మార్చుంటారు అనుకుంది.

తిరిగొచ్చాక బొమ్మల సంచీతో నేరుగా తొమ్మిదో అంతస్తుకే వెళ్లింది. ఊలు స్వెటర్ వేసుకున్న పెద్దమనిషి తలుపు తీశాడు. పాతవాళ్ల సంగతి ఆయనకు తెలియదు. కింద ఊడ్చే ఆమె చెప్పింది, అద్దె కట్టలేనివాళ్లంతా పడమటి లోయకే పోయారని. స్థలం ఊరికే దొరికేది అక్కడేనట. నగరంలో వంట చేసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, పిల్లల్ని ఆడించేవాళ్లు అందరూ రేకుల షెడ్లు వేసుకున్నది అక్కడేనట.

బస్సు దిగగానే గాలి మొహాన నిప్పుకణికలా తగిలింది. లోయ చుట్టూ పైపుల్లోని వేడిని బయటికి వదిలే రేడియేటర్లు బారులు తీరి గోడలా నిలబడి ఉన్నాయి, ఆమె గీసిన డ్రాయింగులో ఉన్నట్టే. వాటి మధ్యే షెడ్లు.

భూమేశ్ ఒక షెడ్డు నీడలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి, కూర్చోడానికి డబ్బా జరిపాడు.

"మైత్రి ఏది?"

భూమేశ్ లోయ అవతలి రోడ్డు వైపు చూశాడు.

"ఎండకాలం మొదట్లనే వోయింది మేడమ్. ఆ దినం నీళ్ల బండి రాలే. ఎత్తుకొని రోడ్డు దాంక ఉరికిన. బస్సు ఎక్కేలోపే..." చేతుల వంక చూసుకున్నాడు. "మస్తు తేలికగుండె. ఈడనే, షెడ్ల ఎనక మట్టిల పెట్టినం."

లోపల్నుంచి లహరి మంచినీళ్లు తెచ్చింది. మృణాళిని గ్లాసు తీసుకుని నేలమీద పెట్టేసింది.

"ఒక్క కబురు పెట్టకపోయావా లహరీ!"

"ఫోను అమ్ముకున్నం మేడమ్. మీ ఆఫీసుకు రెండుసార్లు వొయిన. లోపలికి పోనియ్యలే." లహరి గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "ఒకటి అడుగుత. మీ ఇంట్ల వేడి గూడ గీ పైపులనే వస్తదా?"

"వస్తుంది" అంది మృణాళిని.

ఆరోజు నుంచి ఆమె కంపెనీతో పోరాడింది. లోయలో వేడి వదలడం ఆపమని పట్టుబట్టింది, ఉద్యోగం వదిలేస్తానంది, పత్రికల ముందు నిలబడి మైత్రి పేరు చెప్పి ఏడ్చింది. జనం కదిలారు. కంపెనీ తలవంచింది. రేడియేటర్లను తీసి ఇంకా పడమటికి, దిబ్బల అవతలికి తరలించారు. లోయ చుట్టూ కూడా ప్యానెళ్లు బిగించారు.

లోయ చల్లబడింది. చల్లబడ్డాక షెడ్లు అడ్డమయ్యాయి. చెట్లు, నీటి కాలువ, తెల్లని ఇళ్లు వచ్చాయి. అద్దెకు జనం క్యూ కట్టారు. షెడ్లవాళ్లు మూటలు కట్టుకుని స్థలం ఊరికే దొరికే చోటికి, దిబ్బల అవతలికి పోయారు. వాళ్లతో భూమేశ్, లహరి కూడా.

మరుసటి ఏడాది చలికాలం ఒక సాయంత్రం మృణాళిని లోయ గేటు దగ్గరికి వచ్చేసరికి లహరి కాపలావాడి ముందు నిలబడి ఉంది. పనిచేసే ఇంటి నుంచి వచ్చినట్టుంది, చీరకు ఎవరో పసిపిల్ల పాల మరక. చేతిలో చిన్న పూల పొట్లం.

కాపలావాడు కొత్తవాడు, మర్యాదస్తుడు. "ఇది లోపల ఉండేవాళ్లకేనమ్మా. వాళ్ల చుట్టాలైతే పంపిస్తాను. మీవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ?"

మృణాళిని ముందుకు రాబోయి ఆగిపోయింది.

"నా బిడ్డ ఉంటది" అంది లహరి.

"ఏ ఇల్లు?"

లహరి చెయ్యెత్తి, కాలువ ఒడ్డున కొత్తగా పచ్చిక పరిచిన చోటును చూపించింది. అక్కడ ఇల్లేమీ లేదు. కాపలావాడు అటు చూశాడు, ఆమె చేతిలోని పూలను చూశాడు. గేటు తీశాడు.