రెండు నీలాల గోడ

ట్రామ్ ఆఖరి స్టాప్‌లో ఆగింది. అందరూ దిగారు. లేజర్ ఇంజనీర్ దిగలేదు.

కండక్టర్ వచ్చి భుజం తట్టాడు. ఇంజనీర్ తల కిటికీ అద్దానికి ఆనుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మెడ మీద, కాలర్ అంచు కింద, దోమ కుట్టినంత ఎర్ర చుక్క. ప్రాణం పోయి అప్పటికే పావుగంట. జేబులో ఒక దువ్వెన, మడతపెట్టిన చీటీ దొరికాయి. చీటీ మీద పెన్సిల్‌తో ఒకటే ముక్క: 445 + 473 = 460?

గంట తిరక్కుండానే ఆ చీటీ బోర్డు లేని ఒక ఆఫీసులో, మూడో అంతస్తులో, బాస్ టేబుల్ మీదికి చేరింది. బాస్‌కి నలభై ఏళ్ళు. టై ఎంత బిగిస్తే వ్యవహారం అంత ముదిరిందని లెక్క. ఆ రోజు పాపం ఊపిరి కూడా సరిగ్గా ఆడటం లేదు.

ఎదురు కుర్చీలో పిన్ని కూర్చుంది. యాభై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, నాలుగు పాస్‌పోర్టులు, లెక్కలేనన్ని మారువేషాలు. డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఆవిడ పిన్నే. మూడు వారాల కిందటే కుడికంట్లో శుక్లం తీసేసి కొత్త లెన్స్ వేశారు. ఎడమకంటికి ఇంకా తారీఖు ఇవ్వలేదు.

"డాక్టర్ బరువులెత్తొద్దన్నాడటగా?" అన్నాడు బాస్.

"బకెట్లు ఎత్తొద్దన్నాడు. తుపాకీ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు."

బాస్ చీటీని ఆవిడ ముందుకి తోశాడు. "లేబొరేటరీ డ్రాయింగులు కొనడానికి విదేశీ ముఠా మనిషొకడు వచ్చాడు. వాడి మొహం చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈ ఇంజనీర్. రెండోది ఆయన అసిస్టెంట్."

"మా అక్క కూతురు."

"అవును. వాడు ఈ రోజు నాలుగింటి లైట్ షోకి వస్తాడని కబురు. అమ్మాయి హాల్లో కూర్చుని వాణ్ణి మనకి చూపిస్తుంది."

"ఎరగా వేస్తున్నారన్నమాట." పిన్ని గొంతు చల్లగా ఉంది.

"సీటు నంబరు ముగ్గురికే తెలుసు. నాకు, మీకు, సీట్లు కేటాయించిన షో డిజైనర్‌కి. ఆవిడ ముఠాలో ఉంటూనే రెండేళ్ళుగా మనకి సమాచారం ఇస్తోంది. డబుల్ ఏజెంటే, కానీ మన వైపు."

"డబుల్‌కి ఒక వైపేమిటి సార్?"

"ఒకవేళ నోరు జారినా లాభం లేదు. సీటు ఖాయం చేసిన దగ్గర్నుంచి ఆవిణ్ణి హాలు దాటనివ్వలేదు. ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసుకుంటున్నాం. హాలంతా జామర్ పెట్టాం. లోపల ఎవరూ ఎవరికీ కబురు పంపలేరు."

"మనమో?"

బాస్ టై సవరించుకున్నాడు. "మనం కూడా."

మెట్లు దిగుతుంటే అక్క ఫోన్ చేసింది. "దాన్ని నువ్వే తీసుకెళ్తున్నావట. నువ్వే తీసుకురావాలి. దాని ఒంటి మీద గీత పడిందో, నా గడప తొక్కకు," అని పెట్టేసింది. జవాబు కోసం ఆగలేదు.

మూడున్నరకి హాలు వెనక మేకప్ గదిలో పిన్ని క్లీనింగ్ మనిషి యూనిఫారం తొడుక్కుని, జుట్టు గుడ్డలోకి దోపుకుంటోంది. అక్క కూతురు చీటీని నాలుగోసారి చదువుతోంది. దాని కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి.

"445, 473 అంటే లేజర్ల వేవ్‌లెంగ్త్‌లు పిన్నీ. రెండూ నీలాలే. చూడు." బ్యాగులోంచి రెండు లేజర్ పెన్నులు తీసి గోడ మీద వేసింది. ఒక చుక్క ఊదా కలిసిన నీలం, ఇంకోటి ఆకాశం రంగు. రెండిటినీ ఒకే చోటికి తెచ్చింది. "కలిస్తే ఒకటే నీలమైంది కదా? కన్ను రెండిటినీ విడదీయలేదు. మొత్తం కలిపి ఒక రంగని మెదడుకి చెప్పేస్తుంది." మూడో పెన్ను తీసి పక్కన ఇంకో చుక్క పెట్టింది. "ఇది 460. ఒక్కటే లేజర్. అచ్చం అదే రంగు. కన్ను మోసపోయే చోటు ఇదే."

పిన్ని తల పక్కకి వంచింది. "అచ్చం ఎక్కడే? ఆ కలిపిన చుక్క వంకాయ రంగు కొడుతోంది."

"అందరికీ ఒకేలా కనిపిస్తాయి పిన్నీ. వందమంది మీద పరీక్ష చేశాం. ఆపరేషన్ కన్ను, నీళ్ళు కారుతున్నట్టుంది, తుడుచుకో. కానీ మా ఇంజనీర్ మాస్టారు ఇదెందుకు రాసుకున్నారో?"

బెల్ మోగింది. పిన్ని దాని బుగ్గ నిమిరి, ముందుకి పంపించింది.

నాలుగింటికి హాల్లో దీపాలు ఆరిపోయాయి. రెండు వేల మంది. సంగీతం మొదలైంది. స్టేజీ మీద మూడంతస్తుల ఎత్తు గోడ నీలంగా వెలిగింది. జనం "ఆహా" అన్నారు. పిన్ని వెనక వరసల దగ్గర, కంట్రోల్ గది పక్కన, తుడుపుకర్ర, సబ్బునీళ్ళ చక్రాల బకెట్‌తో నిలబడింది. గోడంతా ఒకే నీలం.

ఎడమకంటికి మసకగా ఉండటంతో అది మూసింది.

గోడ మీద, నీలంలో నీలంగా, వంకాయ రంగు కొడుతూ ఏవో గీతలు. కళ్ళు చికిలించింది. అక్షరం, అంకె. జి 14.

అక్క కూతురి సీటు.

ఫోన్ లేదు, రేడియో లేదు, కానీ కబురు అందరి ఎదురుగానే వెళ్ళిపోతోంది. గోడ 460. అక్షరాలు 445, 473ల మిశ్రమం. మామూలు కన్నుకి రెండూ ఒకటే. మరి అది ఎవడి కోసం? హాలంతా వెతికింది. సీట్లు చూపించేవాడొకడు టార్చి ఆర్పేసి నడవా దిగుతున్నాడు. చీకటి హాల్లో వాడికి రంగు కళ్ళద్దాలు. ఆ అద్దాలు ఒక వేవ్‌లెంగ్త్‌ని ఆపేస్తాయి, అక్షరాలు బయటపడతాయి. వాడి చేతిలో పెన్ను. ఇంజనీర్ మెడ మీది సూదిపోటు అలాంటి దాంతోనే పడి ఉంటుంది.

వాడున్నది పదో వరస. జి వరస ఏడోది. తను ఉన్నది నలభయ్యోది. పరిగెత్తినా అందదు. అరిస్తే సంగీతం మింగేస్తుంది.

కంట్రోల్ గది మాత్రం అయిదడుగులు.

బకెట్ దొర్లించుకుంటూ తలుపు తోసింది. లోపల డిజైనర్, పట్టు గౌను, వజ్రాల చెవిపోగులు, గది నిండా సెంటు.

"తర్వాత రా," అంది తిరక్కుండానే.

"ఇక్కడ కాఫీ ఒలికిందట మేడమ్."

డిజైనర్ తిరిగింది. కళ్ళు చెప్పు దగ్గర్నుంచి తలగుడ్డ దాకా వెళ్ళాయి. పర్సులోంచి చిన్న పిస్తోలు వచ్చింది. "పిన్నిగారు! వేషం బాగుంది. ఎలా చదివారు? ఆ రంగుల మ్యాచింగ్ నేనే చేశాను. మా వాళ్ళలో ఒక్కరూ పట్టుకోలేదు."

"మీవాళ్ళవన్నీ కుర్రకళ్ళు," అంటూ పిన్ని, డాక్టర్ వద్దన్న బకెట్‌ని రెండు చేతులా ఎత్తి ఆవిడ మొహాన కుమ్మరించింది.

పిస్తోలు పేలింది. గుండు పైకప్పులోకి పోయింది. సబ్బునీళ్ళలో ఎత్తు మడమలు జారాయి. పిన్ని తుడుపుకర్రతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది. పిస్తోలు బల్ల కిందికి పోయింది.

బల్ల మీద మూడు లీవర్లు. 445. 460. 473.

అద్దంలోంచి చూస్తే వాడు జి వరసలోకి దూరుతున్నాడు. జనం మోకాళ్ళు ముడుచుకుని దారి ఇస్తున్నారు. పన్నెండు. పదమూడు.

పిన్ని 473 లీవర్‌ని అడుక్కి లాగేసింది.

ఆకాశం రంగు మాయమైంది. మిగిలిన 445 తన అసలు మొహం చూపించింది. మూడంతస్తుల గోడ మీద, నీలం మధ్య, ఊదాగా భగభగమంటూ రెండు వేల మందికీ కనిపించింది: జి 14.

అక్క కూతురు తలెత్తింది. ఆ రంగు చూడగానే దానికి మాస్టారి చీటీ అర్థమైంది. పక్కకి కూడా చూడలేదు. కుర్చీలోంచి నేల మీదికి జారిపోయింది. అదే క్షణంలో పెన్ను చివరి సూది దిగింది, దాని మెడ ఉండాల్సిన చోట, కుర్చీ వీపులోకి.

హాలంతా జి 14 వైపే తిరిగింది. వాడు రెండు వేల మంది చూపుల మధ్య, కుర్చీలో ఇరుక్కున్న పెన్నుని పీకుతూ కొయ్యబారిపోయాడు. అమ్మాయి కిందినుంచి వాడి కాలు పట్టి లాగింది. వెనక వరసలోంచి బాస్ టై ఎగిరిపోతుండగా వాడి మీద పడ్డాడు. అద్దాలు ఊడిపోయాయి.

"వీడే! ల్యాబ్‌కి వచ్చింది వీడే!" అని అరిచింది అమ్మాయి.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పది నిమిషాల తర్వాత వాడికీ డిజైనర్‌కీ బేడీలు వేసి తీసుకెళ్ళారు. మేకప్ గదిలో పిన్ని కుర్చీలో కూలబడింది. అక్క కూతురు నీళ్ళు తెచ్చి తాగించింది.

"మన కంట్లో పుట్టుకతో ఉన్న లెన్స్ కాస్త పసుపు పిన్నీ. 445ని కొంత ఆపేస్తుంది. నీ కొత్తది ఆపదు. నువ్వు చెబితే కన్ను తుడుచుకోమన్నాను. నాకు చదువెక్కువైంది." ఏడుస్తూ ఆవిడ ఒళ్ళో తలపెట్టింది.

"ఊరుకో. మీ అమ్మ గడప ఇంకా నాకు మిగిలే ఉంది, అది చాలు," అంది పిన్ని, దాని మెడ మీద వేలితో తడుముతూ. గీత కూడా లేదు. అయినా రెండుసార్లు తడిమింది.

తలుపు తీసుకుని హాలు మేనేజర్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అద్భుతం మేడమ్! రేపటి ఆటకి జనం ఎగబడుతున్నారు. ఒక్కటే చిక్కు, అందరికీ జి 14 సీటే కావాలట."