వెర్న్ తాళాల గుత్తి

నిలువెత్తు బట్టల బొమ్మ ఒంటి మీద కోటు లేదు.

ఉదయం తొమ్మిదింటికి సినిమా డైరెక్టర్ బ్రిట్టా, ‘రివెట్’ అనే బార్ తలుపు తీసేసరికి, చేతుల్లేని ఆ లెదర్ కోటు మాయమైంది. బెల్టూ, దానికి తగిలించిన తాళాల గుత్తీ మాత్రం బొమ్మ నడుముకే ఉన్నాయి.

ఫోన్ చేస్తే కాసేపటికి ఇనెజ్ వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసుశాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి, ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తోంది. లెదర్ బట్టలు గుర్తుగా తొడుక్కుని, తమ తీరున ప్రేమించుకునే ఈ బార్ జనంలో తనూ ఒకతె. బార్ ఉన్న ఫోల్సమ్ వీధిలో అందరూ ఆమెకి అయినవాళ్లే.

"ఎవరిదా కోటు?"

"వెర్న్‌ది. ఈ బార్ పెట్టినవాడు. ఎనభై ఏడులో ఎయిడ్స్‌తో పోయాడు." బ్రిట్టా గడియారం చూసుకుంది. "నా డాక్యుమెంటరీకి ఆఖరి సీను ఆ కోటే. రేపు బిల్డింగు కూల్చేస్తారు. సాయంత్రంలోగా దొరక్కపోతే మూడేళ్ల కష్టం మట్టిపాలే."

"బార్ తాళం ఎవరెవరి దగ్గరుంది?"

"నా దగ్గర. ఓనర్ లోనీ దగ్గర. కోటు తెచ్చిచ్చిన ఎల్మోర్ గారి దగ్గర."

కౌంటరు వెనక నిలబడ్డ లోనీ చేతులు కట్టుకున్నాడు. "నన్నలా చూస్తావేం? ఈ సినిమా అంటే ఒళ్లు మంట, నిజమే. మా బతుకుల్ని ఊరంతా నోరెళ్లబెట్టుకు చూడాలా? అయినా దొంగతనం నా ఇంటా వంటా లేదు."

"రాత్రి ఎక్కడున్నావ్?"

"చెల్లెలింట్లో. ఫోన్ చేసి కనుక్కో."

ఇనెజ్ కనుక్కుంది. నిజమే.

మూల కుర్చీలో ఎల్మోర్. ఎనభై దాటాయి. పొడుగాటి ఓవర్‌కోటు తొడుక్కుని ముడుచుక్కూర్చున్నాడు. వెర్న్‌తో పదకొండేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి. "స్నేహితులం. అద్దె కలిసొస్తుందని కలిసున్నాం, అంతే" అని కెమెరా ముందు చెప్పాడు.

"మీరు రాత్రి?"

"పెందలాడే పడుకున్నానమ్మా."

ఇనెజ్ నిన్నటి షూటింగ్ ఫుటేజ్ వేయించింది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

"ఆపు!"

తెర మీద తాళాల గుత్తి బొమ్మకి కుడివైపు ఉంది. ఇప్పుడు ఎదురుగా ఉన్న బొమ్మకి ఎడమవైపు.

"నువ్వు మార్చావా, బ్రిట్టా?"

"లేదే!"

ఇనెజ్ గుత్తి దగ్గరికి వంగింది. లెదర్ వాళ్ల జంటల్లో తాళాలు ఎడమన ఉంటే ఆజ్ఞ ఇచ్చేవాడు. కుడిన ఉంటే ఆ ఆజ్ఞకి మోకరిల్లేవాడు. దొంగ పని ముగించుకుని పారిపోకుండా, ఆగి, గుత్తి విప్పి ఎడమవైపు తగిలించి వెళ్లాడు!

"అసలు కుడివైపు ఎందుకు పెట్టావ్?"

"వెర్న్ ఫొటోలో అలాగే ఉంది మరి." బ్రిట్టా ఫొటో అందించింది.

ఇనెజ్ దాన్ని తెర పక్కన పెట్టింది. "కోటు మీద బ్యాడ్జీ చూడు. తెర మీద ఎడమ రొమ్ముకుంది, ఫొటోలో కుడికి. ఫొటో అద్దంలోలా తిరగేసి ప్రింటైంది. నువ్వు వెర్న్‌ని తలకిందులు చేశావు."

బ్రిట్టా ఫొటో మీదికి వంగింది. ఇనెజ్ మూల కుర్చీ వైపు తిరిగింది.

"లోనీ ఈ బార్ కొనేనాటికి వెర్న్ పోయి పదేళ్లు. ఆయన ఎడమో కుడో తెలిసినవాళ్లు ఇక్కడ ఒక్కరే. తెలిసీ నోరు విప్పలేకపోయారు. వెర్న్‌ది ఎడమైతే, ఆ ఇంట్లో కుడి ఎవరిదని అడుగుతారు కదా?"

ఎల్మోర్ మెల్లగా ఓవర్‌కోటు గుండీలు విప్పాడు. లోపల వెర్న్ కోటు.

"నా కూతురు ఈ సినిమా చూస్తుంది. దానికి మా సంగతి తెలీదు." ఆయన కోటు అంచు నిమిరాడు. "కోటు లేకపోతే సీనుండదు, వాడి మీద అబద్ధమూ ఉండదు అనుకున్నా. కానీ ఆ గుత్తిని కుడివైపు వదిలి వెళ్లలేకపోయా. వాడు ఎవరికీ తలొంచలేదమ్మా. ఆ జబ్బుక్కూడా."

ఇనెజ్ ఆయన పక్కన కూర్చుంది. "కోటు మీది. తీసుకుని ఇంటికెళ్లండి. మిమ్మల్ని ఎవరూ ఆపరు."

ఎల్మోర్ లేవలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. బ్రిట్టా చెయ్యి అలవాటుగా కెమెరా మీదికి పోయింది. ఇనెజ్ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"డోరీన్, నాన్నని. పనిలో ఉన్నావా? వెర్న్ గురించి." ఆయన ఫోన్ రెండో చేతిలోకి మార్చుకున్నాడు. "వాడు నా స్నేహితుడు కాదమ్మా. కూర్చో, చెప్తాను."